ఎస్టిమేట్ 67 వేలు, ఇన్సూరెన్స్ 37 వేలు: మధ్యలో డబ్బు ఎక్కడ పోయింది?

యాక్సిడెంటైన కారును ఇన్సూరెన్స్ కంపెనీ పంపిన సర్వేయర్ చూసి పోయిన రెండు మూడు రోజులకు నాకు ఫోన్లు మొదలవుతాయి. "పాపా, మీరు 67 వేలు రాశారు. ఇన్సూరెన్స్ వాళ్లు 37 వేలు కూడా ఇవ్వం అంటున్నారు. ఏంది కథ?" మా నాయనది కడపలో టింకరింగ్, పెయింటింగ్ షెడ్డు. రేకు పని ఆయన చూసుకుంటాడు. ఎస్టిమేట్లు రాయడం, సర్వేయర్ వస్తే కారు చుట్టూ తిప్పి చూపించడం, వాళ్లు కోసిన అంకెలు కస్టమరుకు చెప్పి తిట్లు తినడం నా వంతు. అందుకే ఇది రాస్తున్నా. తిట్లు కొన్నైనా తగ్గుతాయేమో.

ముందు ఒక మాట మనసులో పెట్టుకోండి. ఆ తగ్గిన డబ్బులో రెండు కుప్పలుంటాయి. ఒకటి పాలసీ కోత. మీరు సంతకం పెట్టి కొనుక్కున్న కాగితంలోనే అది రాసుంది, దాని మీద ఎంత అరిచినా రూపాయి రాదు. రెండోది సర్వేయర్ కోత. అది ఒక మనిషి కారు చూసి తీసుకున్న నిర్ణయం. సాక్ష్యం చూపిస్తే అది మారుతుంది. మా దగ్గరికొచ్చేవాళ్లలో చాలామంది ఈ రెండూ కలిపేసి "మొత్తం ఇవ్వాల్సిందే" అని టోల్‌ఫ్రీ నంబరులో కొట్లాడతారు. ఆ అమ్మాయి "మీ ఫిర్యాదు నమోదైంది సార్" అంటుంది, అంతటితో సరి.

ఆ మధ్య యర్రగుంట్ల రోడ్డులో బండల లోడు లారీ సడన్ బ్రేక్ వేస్తే వెనక తగిలించిన ఒక అయ్యవారి కారు వచ్చింది. నాలుగేళ్లు దాటిన పెట్రోలు కారు, ఇంజను 1200 సీసీ, మామూలు ఫుల్ ఇన్సూరెన్స్, జీరో డెప్ (పార్టుల పాతదనానికి తరుగుదల తియ్యకుండా ఇచ్చే అదనపు కవర్) లేదు. ఆ లెక్కే చూపిస్తాను. అంకెలు సులువుగా ఉండాలని గుండ్రం చేశాను, జీఎస్టీ అందులోనే కలిపేశాను.

ముందు బంపర్ 6,000, గ్రిల్ 2,000, ఒక హెడ్‌లైట్ 8,000, బానెట్ 10,000, ఎడమ ఫెండర్ 4,000, ఏసీ కండెన్సర్ 8,000, ముందద్దం 9,000. పార్టులు మొత్తం 47,000. లేబర్ 8,000. పెయింటింగ్ 12,000. కలిపితే 67,000.

ఇప్పుడు పాలసీ కోత. ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్ సామాను, టైర్లు, బ్యాటరీ, ఎయిర్‌బ్యాగులకు కారు వయసుతో పని లేదు, సగం ధరే ఇస్తారు. ఫైబర్ గ్లాస్ పార్టులకు 30 శాతం తీస్తారు. అద్దానికి తరుగుదల లేదు. రేకు, ఇనుము, మిగతావన్నీ కారు వయసును బట్టి: ఆరు నెలల దాకా ఏమీ తియ్యరు, ఏడాది దాకా 5 శాతం, రెండేళ్ల దాకా 10, మూడేళ్ల దాకా 15, నాలుగేళ్ల దాకా 25, ఐదేళ్ల దాకా 35, పదేళ్ల దాకా 40, ఆపైన 50. పెయింటింగ్‌లో రంగు సామాను ఖర్చు మీద సగం తీస్తారు. బిల్లు విడివిడిగా లేకపోతే మొత్తం పెయింటింగ్ ఛార్జీలో 25 శాతం సామాను కింద లెక్కేసి, అందులో సగం కోస్తారు. రేకు పని, బిగింపు లేబర్ మీద తరుగుదల ఉండదు.

అయ్యవారి కారుకు ఇది వేసి చూద్దాం. బంపర్‌కు 3,000, గ్రిల్‌కు 1,000. హెడ్‌లైట్ గాజులా మెరుస్తుంది గానీ ఇప్పటి కార్లలో అది ప్లాస్టిక్కే, కాబట్టి 4,000. బానెట్, ఫెండర్, కండెన్సర్ 35 శాతం పోగా 6,500, 2,600, 5,200. అద్దానికి 9,000 పూర్తిగా. అంటే 47,000 పార్టులు 31,300 అయ్యాయి. లేబర్ 8,000 అలాగే. పెయింటింగ్ 12,000లో సామాను 3,000 అనుకుని, సగం 1,500 తీస్తే 10,500. మొత్తం 49,800. అందులో 1500 సీసీ లోపు కారుకు తప్పనిసరిగా మీరు పెట్టుకోవాల్సిన 1,000 తీసేస్తారు. 1500 సీసీ దాటితే అది 2,000. షెడ్లలో దీన్నే ఫైల్ ఛార్జీ అంటారు. పాత రేకుకు తుక్కు కింద 800 తీశారు. మిగిలింది 48,000.

చూశారా, ఎవరూ అన్యాయం చెయ్యకుండానే 67 వేలు 48 వేలైంది. ఈ 19,000 కోసం కొట్లాడితే మీకు గొంతు నొప్పి తప్ప ఏమీ మిగలదు. పాలసీ తీసుకునేటప్పుడు జీరో డెప్ కట్టుంటే ఇందులో తరుగుదల భాగం మీ చేతికొచ్చేది. మామూలుగా ఐదేళ్ల లోపు కార్లకే అది ఇస్తారు, ఏడాదిలో ఇన్ని క్లెయిములని లెక్క కూడా ఉంటుంది. ఇంజనాయిలు, కూలెంటు, ఏసీ గ్యాసు, నట్లు బోల్టులు, క్లిప్పులు మాత్రం జీరో డెప్ ఉన్నా రావు. వాటికి కన్జ్యూమబుల్స్ అని వేరే కవర్ తీసుకోవాలి. జీరో డెప్ ఉన్నవాళ్లు చెయ్యాల్సిన మొదటి పని, సర్వేయర్ షీటులో తరుగుదల కాలమ్ నిజంగా సున్నాలుగా ఉందా అని చూడటం. రెన్యువల్‌లో కవర్ ఉండి కూడా పాత పాలసీ కాపీ పెట్టుకుని కోసేసిన షీట్లు నేను చూశాను.

అయ్యవారికి వచ్చిన అసలు అంకె 48,000 కాదు, 36,800. ఈ తేడా 11,200 దగ్గరే మన పని.

కొట్లాడాలంటే చేతిలో కాగితం ఉండాలి. ఫోనులో చెప్పిన మొత్తంతో ఏమీ చెయ్యలేరు. సర్వేయర్ అసెస్‌మెంట్ షీటు అడగండి. ఏ పార్టుకు మనం ఎంత రాశాం, ఆయన ఎంత ఒప్పుకున్నాడు, తరుగుదల ఎంత తీశాడు అని వరసగా ఉంటుంది. క్యాష్‌లెస్ అయితే, అంటే కంపెనీ తన వాటా నేరుగా షెడ్డుకే కడితే, అది మాకు మెయిల్‌లో వస్తుంది, మమ్మల్ని అడిగితే ఫార్వర్డ్ చేస్తాం. రిపోర్టు తయారయ్యాక కాపీ కావాలని సర్వేయర్‌ను గానీ కంపెనీని గానీ అడగొచ్చు, అడిగితే ఇవ్వాలి. కొందరు "అది మా ఇంటర్నల్" అంటారు. మెయిల్‌లో అడగండి, ఆ మాట మెయిల్‌లో ఎవరూ రాయరు.

అయ్యవారి షీటులో మూడు వరసలు తేడాగా ఉన్నాయి. బానెట్ మార్చక్కర్లేదు, రిపేరు చాలు అని 6,500 బదులు 2,500 వేశారు. కండెన్సర్ కొట్టేశారు, 5,200 పోయింది. లేబర్ 8,000ను 6,000 చేశారు. మిగతా వరసలన్నీ సరిగ్గానే ఉన్నాయి. కోపం మొత్తం మీద ఉన్నప్పుడు ఈ మూడు వరసలు కంటికి కనబడవు. అందుకే పెన్సిల్ తీసుకుని ఒక్కో వరస పక్కన పాలసీ కోతా, సర్వేయర్ కోతా అని గుర్తు పెట్టుకోండి.

బానెట్ సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఎక్కువ తగాదాలు రిపేరా మార్పిడా అన్న దగ్గరే వస్తాయి. సర్వేయర్ సార్ నిలబడి పైనుంచి చూశారు. మధ్యలో అరచేయంత చొట్ట. "లాగితే వచ్చేస్తుంది కదా పెద్దాయనా" అన్నారు. మా నాయన ఏం మాట్లాడలేదు. బానెట్ మూసి, రెండు పక్కలా ఫెండర్‌కూ బానెట్‌కూ మధ్య సందు చూపించాడు. కుడి పక్క గోరు కూడా దూరడం లేదు, ఎడమ పక్క చిటికెన వేలు దూరుతోంది. తర్వాత బానెట్ లేపి, లాక్ కొక్కెం దగ్గర లోపలి ఫ్రేము మీద సుద్దముక్కతో గీత గీశాడు. బానెట్ ఒక్క రేకు కాదు. పైరేకు, లోపలి ఫ్రేము రెండూ అంచుల దగ్గర మడిచి కలిపి ఉంటాయి. పైరేకు చొట్టపోతే లాగొచ్చు. లోపలి ఫ్రేము ముడత పడితే, అంచు మడత విచ్చుకుంటే, పైకి రంగేసి అందంగా చెయ్యొచ్చు గానీ లాక్ సరిగ్గా కూర్చోదు, స్పీడు మీద బానెట్ అదురుతుంది. సుద్ద గీత కనబడేలా నేను మూడు ఫోటోలు తీశాను: దూరం నుంచి నంబరు ప్లేటు పడేలా ఒకటి, లాక్ దగ్గర నుంచి ఒకటి, రెండు పక్కల సందులు స్కేలు పెట్టి ఒకటి. "బానెట్ బాగా దెబ్బతింది సార్" అని పది సార్లు చెప్పేకన్నా ఆ ఫోటోలే పని చేశాయి.

తలుపుకు తగిలినా ఇలాంటి ఆధారమే వెతకాలి. లోపల అడ్డంగా ఉండే ఇనుప కమ్మీ వంగిందా, తలుపు మూస్తే రబ్బరు అన్ని వైపులా ఒకేలా నొక్కుకుంటోందా చూడండి. హెడ్‌లైట్‌కు బిగింపు చెవులు విరిగితే "ప్లాస్టిక్ వెల్డింగ్ చేయించండి" అంటారు. ఒక్క చెవి విరిగితే నేనూ ఒప్పుకుంటాను. రెండు విరిగితే రాత్రి పూట గుంతల్లో లైటు ఊగుతుంది, ఆ వెలుతురు ఎదుటివాడి కళ్లల్లో పడుతుంది. అక్కడ మార్పిడే అడగండి. అన్నిటికీ కొత్తదే కావాలని పట్టుబట్టకండి మరి. మంచి టింకరు చేతిలో బాగయ్యే ఫెండర్‌ను పారేసి కొత్తది వేయించుకుంటే కంపెనీ రంగు పోయి మా రంగు వస్తుంది, అంతకుమించి లాభం లేదు. మా నాయన ముందు ఈ మాట చెప్తే ఆయనకు గర్వం, మా లెక్కకు నష్టం.

కండెన్సర్ కథ వేరు. అది గ్రిల్ వెనక, రేడియేటర్ ముందు ఉంటుంది. బంపర్ విప్పనిదే కనబడదు. ఫిన్లు కొంచెం వంగి ఉన్నాయి, నూనె చెమ్మ లేదు, కాబట్టి సర్వేయర్ "దెబ్బ కనబడలేదు" అని రాశారు. ఆయన రాసింది అబద్ధం కాదు, ఆ రోజు కనబడలేదు. ఏసీ మెకానిక్‌ను పిలిచి నైట్రోజన్ ప్రెషర్ పెట్టించి, సబ్బు నీళ్లు పోయించాం. మూలన గొట్టం అతుకు దగ్గర బుడగలు సన్నగా, ఆగకుండా వచ్చాయి. వీడియో నంబరు ప్లేటు నుంచి మొదలుపెట్టి, కట్ చెయ్యకుండా బుడగల దాకా తీశాను. మధ్యలో కట్ చేస్తే "ఇది ఏ కారుదో" అంటారు. దీనికి సప్లిమెంటరీ ఎస్టిమేట్ పంపాలి. మొదటి సర్వే తర్వాత విప్పినప్పుడు బయటపడే దెబ్బలన్నిటికీ ఇదే దారి: రేడియేటర్ సపోర్టు, బంపర్ లోపలి కమ్మీ, లోయర్ ఆర్మ్, స్టీరింగ్ రాడ్. బయటపడిన వెంటనే పని ఆపి సర్వేయర్‌కు ఫోటో పంపి, చూడటానికి రమ్మని మెయిల్ పెట్టాలి. ఆయన చూడకముందే కొత్తది బిగిస్తే ఆ డబ్బు మీద ఆశ వదులుకోవడమే.

దీనితోపాటే ఇంకో షరతు. పాత పార్టులు షెడ్డులోంచి కదలకూడదు. తగాదా తెగేదాకా, రీఇన్‌స్పెక్షన్ (సర్వేయర్ మళ్లీ వచ్చి చూడటం) అయ్యేదాకా బానెట్, కండెన్సర్, బంపర్ అన్నీ ఒక మూల కారు నంబరు రాసి పెట్టించండి. పాత ఇనుము కొనేవాడు వారం వారం వస్తుంటాడు, షెడ్డువాళ్లకు చోటు ఇరుకు. మీరు గట్టిగా చెప్పకపోతే మీ సాక్ష్యం కిలోల లెక్కన పోతుంది.

లేబర్ దగ్గర మనం గెలిచేది తక్కువ. కంపెనీలకు వాళ్ల రేట్ల పట్టిక ఉంటుంది, షోరూముకు ఒక రేటు, మాలాంటి షెడ్డుకు ఒక రేటు. లేబర్ అని ఒకే అంకె వేస్తే కోయడం చాలా సులువు. బంపర్ విప్పి బిగించడం, బానెట్ బిగించి సందులు సరిచెయ్యడం, ముందద్దం అతికించడం, ఏసీ లైను విప్పి బిగించడం అని విడివిడిగా రాయించండి. అప్పుడు ఏది తగ్గించాడో కనబడుతుంది, ఎందుకు తగ్గించాడో అడగొచ్చు.

ఇవన్నీ చేతికొచ్చాక మెయిల్ రాయాలి, సర్వేయర్‌కు, కంపెనీ క్లెయిమ్స్ మెయిల్‌కు కాపీ పెట్టి. ఫోనులో మాట్లాడింది గాలికి పోతుంది. అయ్యవారు తెలుగు మాస్టారు కాబట్టి మొదట రెండు పేజీల ఉత్తరం రాసుకొచ్చారు, అందులో ఇన్సూరెన్స్ కంపెనీల నైతిక పతనం గురించే ఒకటిన్నర పేజీ. చదవడానికి బాగుంది. పక్కన పెట్టించి ఇది పంపించాను:

"క్లెయిమ్ నంబరు ఫలానా, కారు నంబరు ఫలానా. మీ అసెస్‌మెంట్‌లో మూడు వరసలు మళ్లీ పరిశీలించగలరు. బానెట్: మార్పిడి బదులు రిపేరు అని వేశారు. లాక్ దగ్గర లోపలి ఫ్రేము ముడత పడింది, రెండు వైపులా సందులు సమానంగా లేవు, 3 ఫోటోలు జత చేశాను. ఏసీ కండెన్సర్: ప్రెషర్ టెస్టులో లీకు బయటపడింది, వీడియో, మెకానిక్ రాసిచ్చిన కాగితం జత చేశాను. లేబర్: పని వారీ వివరం జత చేశాను, ఏ పనికి ఎంత తగ్గించారో తెలపగలరు. పార్టులు షెడ్డులోనే ఉన్నాయి, మీరు వచ్చి చూడవచ్చు. ఒప్పుకోని పక్షంలో ప్రతి వరసకూ కారణం రాతపూర్వకంగా ఇవ్వగలరు."

చివరి వాక్యం ముఖ్యం. కారణం రాయాల్సి వచ్చినప్పుడు సర్వేయర్ మళ్లీ ఆలోచిస్తాడు. ఆయన కూడా రోజుకు ఎన్నో కార్లు చూస్తాడు, రాయచోటి, ప్రొద్దుటూరు, మైదుకూరు అన్నీ తిరుగుతుంటాడు, ఆధారాలు చేతిలో పెడితే ఆయనకూ ఫైలులో పెట్టుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. చాలామంది సర్వేయర్లు మొండివాళ్లు కాదు, తొందరలో ఉన్నవాళ్లు. మర్యాదగా రాయండి. ఈ కారులో ఆయన మళ్లీ వచ్చి చూసి బానెట్ మార్పిడికి ఒప్పుకున్నారు, కండెన్సర్ కలిపారు, లేబర్‌లో 1,000 పెంచారు. 36,800 కాస్తా 47,000 అయింది. అయ్యవారు చేతి నుంచి 20,000 పెట్టుకున్నారు. ఆయనకు ఇప్పటికీ అసంతృప్తే, కానీ ఏది ఎందుకు పోయిందో వరస వరసా చెప్పగలరు.

మా వృత్తి గురించీ ఒక మాట చెప్పాలి. కొన్ని షెడ్లు, షోరూములు కూడా, ఎలాగూ కోస్తారని ముందే పెంచి రాస్తాయి. పెంచి రాస్తారని తెలిసి సర్వేయర్లు కళ్లు మూసుకుని కోస్తారు. మధ్యలో నలిగేది నిజంగా దెబ్బతిన్న పార్టు. కస్టమర్లూ తక్కువ కాదు. "వెనక తలుపు మీద గీత కూడా రాసెయ్ పాపా, ఎట్లాగూ క్లెయిమ్ పెడతాన్నాం కదా" అంటారు. ముందు గుద్దుకుంటే వెనక తలుపుకు గీత ఎలా పడుతుంది? తుప్పు పట్టిన పాత గీతను సర్వేయర్ గుర్తుపడితే, ఆ తర్వాత నిజమైన కండెన్సర్‌ను కూడా అనుమానంగానే చూస్తాడు. నేను రాయను. ఇందుకే వేరే షెడ్డుకు పోయినవాళ్లూ ఉన్నారు.

అసలు క్లెయిమ్ పెట్టాలా వద్దా అన్నది కూడా లెక్కే. క్లెయిమ్ లేని ఏడాదికి రెన్యువల్‌లో వచ్చే నో క్లెయిమ్ బోనస్ 20 శాతంతో మొదలై ఏడాదికేడాది 25, 35, 45, చివరికి 50 దాకా పెరుగుతుంది. ఒక్క క్లెయిమ్‌తో మళ్లీ సున్నా. ఈ తగ్గింపు ఓన్ డ్యామేజ్ (మీ కారు దెబ్బలకు కట్టే) ప్రీమియం మీదే, థర్డ్ పార్టీ (ఎదుటివాళ్ల నష్టానికి కట్టే) ప్రీమియం మీద కాదు. బంపర్ గీతలకు పాలసీ కోతలు పోగా చేతికి 3,000 వస్తుందనుకుంటే, మీ బోనస్ 50 శాతం దగ్గరుంటే, క్లెయిమ్ పెట్టకపోవడమే మేలు.

రిపేరు అంచనా ఐడీవీలో, అంటే పాలసీలో మీ కారుకు రాసిన విలువలో, 75 శాతం దాటితే కథ పూర్తిగా మారుతుంది. దాన్ని టోటల్ లాస్ కింద లెక్కేసి, ఐడీవీ ఇచ్చి కారు వదిలించుకోమంటారు. ప్రీమియం తగ్గుతుందని ఐడీవీ తక్కువ పెట్టించుకున్నవాళ్లకు ఇక్కడే దెబ్బ. గువ్వలచెరువు ఘాట్‌లో బోల్తా పడిన పాత కార్లు చాలావరకు ఈ లెక్కలోకే వస్తాయి. అప్పుడు బానెట్, కండెన్సర్ల గొడవ పక్కన పెట్టి, ఐడీవీ సరిగ్గా వేశారా, తుక్కు ధర ఎంత తీశారు, ఆ ధరకు కొనేవాడిని చూపించారా అన్నదే అడగండి.

ఎదుటివాడి తప్పు వల్ల మీ కారు దెబ్బతింటే అతని థర్డ్ పార్టీ పాలసీ మీద మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో అడగొచ్చు. దానికి పోలీసు రికార్డు కావాలి, చాలా ఏళ్లు పడుతుంది. మామూలు రిపేరుకు సొంత పాలసీయే దారి. ఎవరికైనా గాయాలైతే మాత్రం డబ్బు సంగతి తర్వాత, ముందు స్టేషన్‌కు చెప్పండి.

మెయిల్‌కు సర్వేయర్ కదలకపోతే పైకి వెళ్లాలి. సర్వేయర్ రిపోర్టే వేదం అని కంపెనీవాళ్లు చెప్తారు. ఆ మాట నమ్మక్కర్లేదు. సర్వేయర్ రిపోర్టు ముఖ్యమైనదే గానీ అదే తుది మాట కాదని, ఆధారాలుంటే పక్కన పెట్టొచ్చని 2009లో న్యూ ఇండియా అస్యూరెన్స్, ప్రదీప్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ముందు కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసరుకు రాయండి, చిరునామా పాలసీ కాగితంలోనే ఉంటుంది. అక్కడ న్యాయం జరగకపోతే ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, 155255కి ఫోన్ కూడా చెయ్యొచ్చు. ఐఆర్‌డీఏఐ మీ బానెట్ ధర తేల్చదు. కానీ ఫిర్యాదు అక్కడ నమోదైతే కంపెనీ దానికి జవాబు రాయక తప్పదు. చాలా చిన్న తగాదాలు ఇక్కడే తెగిపోతాయి.

కంపెనీ కాదన్నా, నెల దాటినా జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా, ఇలాంటి తగాదాలు తీర్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. మన రాష్ట్రానికి హైదరాబాద్ ఆఫీసు. సొంత కార్ల క్లెయిములు 50 లక్షల దాకా అక్కడ తేలుస్తారు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, ఫిర్యాదు ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు. కంపెనీ కాదన్నప్పటి నుంచి ఏడాది లోపు వెళ్లాలి. అవార్డు (తీర్పు) ఇస్తే కంపెనీ 30 రోజుల్లో అమలు చెయ్యాలి. అదే గొడవ మీద కోర్టులోనో వినియోగదారుల కమిషన్‌లోనో కేసు నడుస్తుంటే ఇక్కడ తీసుకోరు, కాబట్టి ఏ గడప ఎక్కాలో ముందే తేల్చుకోండి. నా లెక్క ప్రకారం 10, 15 వేల తేడాకు మెయిల్, గ్రీవెన్స్ దగ్గర ఆపండి. 40, 50 వేలు దాటితే అంబుడ్స్‌మన్. ఆ స్థాయిలో లైసెన్సు ఉన్న వేరే సర్వేయర్‌తో సొంత ఖర్చు మీద రిపోర్టు రాయించుకుంటే బలం. కంపెనీ వేధించిందని నష్టపరిహారం కూడా కావాలనుకుంటే కడపలోనే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, రెండేళ్ల లోపు వెయ్యాలి. మీరుండే ఊళ్లోనే కేసు వేసే వీలు 2019 చట్టం ఇచ్చింది. ఫీజు మీరు కట్టిన ప్రీమియం మీద లెక్క. అది 5 లక్షల లోపు కాబట్టి ఫీజు ఉండదు.

ఈలోగా కారు కావాలి కదా. పని పూర్తి చేయించుకుని తేడా కట్టి తీసుకెళ్లొచ్చు, తగాదా దానితో పోదు. డెలివరీ రోజు మాత్రం రెండు కాగితాలు జాగ్రత్త. పని బాగుందని రాసిచ్చే సంతృప్తి పత్రం, క్లెయిమ్ డబ్బు ముట్టిందని రాసిచ్చే డిశ్చార్జ్ వోచర్ రెండూ ముందు పెట్టి "ఇక్కడొక సంతకం, ఇక్కడొకటి" అంటారు, మేమూ అలాగే అంటాం. వోచర్ మీద "పూర్తి, తుది సెటిల్‌మెంట్" అని ఉంటే, తగాదా మిగిలి ఉంటే, సంతకం కిందే మీ చేతిరాతతో "ఫలానా తేదీ మెయిల్‌లో చెప్పిన అభ్యంతరాలకు లోబడి తీసుకుంటున్నాను" అని రాసి ఫోటో తీసుకోండి. బిల్లులో ఏ పార్టు మార్చారో, ఏది రిపేరు చేశారో విడిగా ఉండాలి, కంపెనీ సామాను వేశామంటే ఆ పార్టు నంబరు కూడా. మీరు చేతి నుంచి కట్టిన డబ్బుకు రసీదు మీ పేరు మీదే తీసుకోండి. నగదు ఇచ్చి చిట్టీ తీసుకుంటే అంబుడ్స్‌మన్ ముందు అది చెల్లదు.